పొదుగు వేడి

ముందే చెప్పేస్తున్నాను. మా అమ్మ పాలల్లో నీళ్ళు కలపలేదు. ఇలాంటి సంగతి చివరిదాకా దాచి, చదివేవాళ్ళను ఊరించి, అప్పుడు చెప్పాలంటారు. నేను ఊరించను. ఆ మాట అనాల్సిన రోజున అననందుకు నాకు నా మీదే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకని ఈసారి మొదట్లోనే అనేస్తున్నాను.

తొంభైల మధ్యలో జరిగింది ఇది. శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు దిగి లోపలికి ముప్పావు గంట నడిస్తే మా ఊరు. ఇప్పుడు అటు వెళ్తే విమానాశ్రయం గోడ అడ్డం వస్తుంది. అప్పుడు జొన్నచేలు ఉండేవి, గుండ్రాళ్ళ గుట్టలు ఉండేవి, దారి నిండా బర్రెల పేడ ఉండేది. ఊళ్ళో ఉన్న నాలుగైదు క్రైస్తవుల ఇళ్ళలో మాది ఒకటి. బాపు రాజేంద్రనగర్‌లో తోటపని చేసేవాడు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం పొద్దున వచ్చేవాడు. ఇంట్లో ఉండేది నేను, అమ్మ, రెండు బర్రెలు. నేను డిగ్రీ పూర్తి చేసి శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. సైన్సు చెప్పేదాన్నన్న సంగతి గుర్తుంచుకోండి. నా కోపంలో సగం దాని మీదే.

పాల విషయంలో మా అమ్మకు ఒక పట్టుదల ఉండేది. పాలు పొదుగు వేడి మీదే ఇవ్వాలి. పాల కేంద్రాలు రాకముందు సైకిలుకు క్యాన్లు కట్టుకుని ఒకాయన వచ్చి, ఇంటింటా పాలు పోయించుకుని పట్నం తీసుకెళ్ళేవాడు. ఆయన ఏ పరికరమూ తెచ్చేవాడు కాదు. పాల చెంబు అడుగున అరచెయ్యి ఆనించి చూసేవాడు. వెచ్చగా తగిలితే మాట్లాడకుండా పోసుకునేవాడు. చల్లగా తగిలితే, ఎప్పుడు పిండినవ్, నడుమ ఏం చేసినవ్ అని అడిగేవాడు. అమ్మ పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ అరచేతి పరీక్షకే పాలు ఇచ్చింది. ఆయన సైకిలు గంట వినబడ్డాకే బర్రె దగ్గర కూర్చునేది. చల్లారిన పాలు ఇవ్వడమంటే అనుమానాన్ని చేతులారా పిలుచుకోవడమని ఆమె నమ్మకం.

"పాలు చల్లగైనయంటే నడుమ ఎవరిదో చెయ్యి వడ్డట్టు," అనేది. "వెచ్చగుంటే ఎవ్వడు ఏమనడు."

ఎవ్వడూ ఏమనడట. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు పళ్ళు పటపట కొరకాలనిపిస్తుంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక మా ఇంటి పక్కనే, గోడకు అవతల, పాల కేంద్రం పెట్టారు. ఒక గది, ఒక చెక్క బల్ల, గోడకు ఒక నల్లబోర్డు. పాలు పోసే ఇళ్ళకు నంబర్లు ఇచ్చారు. మాది ఏడు. పాలు తీసుకోవడానికి తుక్కుగూడ వైపు నుంచి ఒక గుమాస్తా లూనా మీద వచ్చేవాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడు, అంతే. అమ్మ అతన్ని "బిడ్డా" అని పిలిచేది. చలిలో అంత దూరం నుంచి వస్తాడని రోజూ చాయ్ పెట్టి గోడ మీది నుంచి గ్లాసు అందించేది. "నీ చాయ్ తాగితే పగటాల్ల దాక ఆకలి గాదమ్మా, పాలు గంత చిక్కగుంటయ్," అని అతను రోజూ అనేవాడు. ఆ చాయ్ మా పాలతో పెట్టిందే. వేరే పాలు మా ఇంట్లో ఎక్కడి నుంచి వస్తాయి?

సైకిలు గంట పోయి లూనా చప్పుడు వచ్చింది, అంతే తేడా. ఆ చప్పుడు సందు మలుపులో వినబడగానే అమ్మ పొదుగు కింద చెంబు పెట్టేది. అతను తాళం తీసి, బల్ల తుడిచి, పుస్తకం తెరిచేలోగా, నురుగు ఇంకా అణగని పాలతో వరసలో మొదట నిలబడేది. మిగతావాళ్ళు పొలాల దగ్గరి కొట్టాల నుంచి సైకిళ్ళ మీద, నెత్తుల మీద తెచ్చేవాళ్ళు. హిమాయత్ సాగర్ మీది నుంచి వచ్చే ఆ చలిగాలికి, దారిలోనే వాళ్ళ పాలు చల్లారిపోయేవి.

మా ఎదురింట్లో ఆరు బర్రెల ఆసామి ఒకాయన ఉండేవాడు. తెల్ల ధోవతి, చేతికర్ర, ఊళ్ళో నలుగురూ వినే మాట. ఆయన ఇంట్లో తెల్లవారకముందే పాలు పిండి, క్యాన్లను వాకిట్లో ఉన్న సిమెంటు గోళెంలో, నీళ్ళలో మెడ దాకా దించి ఉంచేవాళ్ళు. పాలు విరగకుండా అని చెప్పేవాడు. డిసెంబరు చలిలో పాలు ఎక్కడ విరుగుతాయి? అడిగినవాళ్ళు లేరు. క్యాను గోళెంలోకి దిగేముందు ఒక చెంబు నీళ్ళు క్యానులోకి దిగేవని మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసినా పెద్దమనిషి కాబట్టి ఎవరూ నోరు మెదిపేవాళ్ళు కాదు.

చలి ముదిరాక పైవాళ్ళు ఒక చెక్క పెట్టె పంపించారు. అందులో లాక్టోమీటరు ఉంది. ఊరివాళ్ళు దానికి గాజుపుల్ల అని పేరు పెట్టారు. కింద బరువు, పైన సన్నటి కాడ, కాడ మీద ఒక ఎర్ర గీత. పాలు పొడవాటి గాజు గొట్టంలో పోసి పుల్లను అందులో వదిలితే తేలుతుంది. చిక్కటి పాలు దాన్ని పైకి లేపుతాయి, గీత బయటికి కనిపిస్తుంది. నీళ్ళు కలిసిన పాలల్లో పుల్ల లోపలికి దిగుతుంది, గీత మునిగిపోతుంది. గీత కనిపిస్తే మంచి పాలు, మునిగితే నీళ్ళ పాలు. గుమాస్తా మొదటి రోజు అందరినీ నిలబెట్టి ఇదంతా వివరించాడు. మూడు రోజులు వరసగా గీత మునిగితే ఆ నంబరు బంద్ అని కూడా చెప్పాడు.

మొదటిరోజు మొదటి పరీక్ష అమ్మదే. వరసలో ముందున్నది ఆమే కదా. గాజుపుల్ల మా పాలల్లోకి దిగింది, దిగి అక్కడే ఉంది. గీత కనిపించలేదు.

"అమ్మా, గీత మునిగింది," అన్నాడు గుమాస్తా.

"మునిగితే ఏంది బిడ్డా?"

"నీళ్ళు కలిసినట్టు."

"ఎవరు కలిపిన్రు?"

అతను నవ్వాడు. "నాకేమెర్క. తెచ్చింది నువ్వే గద."

అమ్మ కూడా నవ్వింది. కొత్త వస్తువు, వాడి చెయ్యి తిరగలేదు అనుకుంది. ఆ తర్వాత ఎదురింటాయన పాలు పరీక్షకు వచ్చాయి. క్యాను బయట గోళెం నీళ్ళు ఇంకా కారుతున్నాయి. పుల్ల వేస్తే గీత బయటికి వచ్చి నిలబడింది. ఆయన కర్ర నేలకు ఆనించి అందరినీ ఒకసారి చూశాడు.

ఆ సాయంత్రం అమ్మ చెంబును బూడిదతో తోమి, గోడ మీద బోర్లించి, పొడి బట్టతో లోపలంతా తుడిచింది. తడి ఎక్కడైనా మిగిలిందేమో చూడమని నా చేతికి ఇచ్చింది. రెండో రోజు కూడా గీత మునిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వరసలో వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు చెవులు కొరుక్కోవడం నేను గోడ మీది నుంచి చూశాను.

మూడో రోజు ఊళ్ళో సగం మంది పాలు లేకపోయినా వచ్చి నిలబడ్డారు. గీత మునిగింది. అమ్మ పుల్లను చూసింది, గుమాస్తాను చూసింది. "నేను కలపలే," అంది. ఎదురింటాయన ముందుకొచ్చాడు.

"మూడు దినాలాయె. గాజుకు నీతో పగ ఉన్నదా? సరే, కలపలేదంటున్నవ్ గద. నీ బర్రె వీపు మీద చెయ్యి వెట్టి ఒట్టు పెట్టు. ఇడిచిపెడ్తం."

మా ఊళ్ళో పాల తగాదా వస్తే అదే పద్ధతి. బర్రె వీపు మీద చెయ్యి పెట్టి ఒట్టేయాలి. అబద్ధమైతే పొదుగు ఎండిపోతుందని నమ్మకం. అమ్మ చెయ్యి కదల్లేదు.

"మేము ఒట్లు పెట్టం," అంది. "కలపలే అన్న. ఒక్కసారి చెప్తే చాలు."

మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఒట్టు పెట్టరు, బైబిలు వద్దంటుంది. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టలేదని దేవుడి మీద ఒట్టు అంటే, పలక పగిలినందుకు కాక ఒట్టు పెట్టినందుకు అమ్మ నా వీపు చిట్లగొట్టింది. ఆ సంగతి ఊరివాళ్ళకు తెలియదు, తెలుసుకోవాలన్న తీరికా లేదు. వాళ్ళకు అర్థమైంది ఒక్కటే, ఒట్టు పెట్టనంటోంది కాబట్టి కలిపింది.

"నిజమైతే భయమెందుకు?" అన్నాడు ఎదురింటాయన. అక్కడితో ఆగలేదు. మా బర్రె అక్కడే గోడ పక్కన గుంజకు కట్టేసి ఉంటే దాని వీపు మీద అరచెయ్యి వేశాడు. "నా పాలల్ల చుక్క నీళ్ళు గలిస్తే నా కొట్టంల పొదుగులన్ని ఎండిపోను," అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో. ఒట్టు పెట్టడానికి ఆయనకు ఏ అడ్డమూ లేదు, ఒట్టు నిలబెట్టుకోవడానికే అడ్డం. జనం తలలూపారు.

గుమాస్తా నల్లబోర్డు మీద ఏడో నంబరు పక్కన సుద్దముక్కతో "నీళ్ళు" అని రాసి, కింద ఒక గీత కొట్టాడు. రోజూ మా పాల చిక్కదనం పొగిడిన నోరు అది, ఆ చాయ్ తాగిన నోరు. ఒక్కసారి కూడా తలెత్తి అమ్మ ముఖం చూడలేదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. మా అమ్మ తన కొట్టంలో కూర్చుని పాలే పిండి పాలే ఇస్తే నీళ్ళన్నారు.

ఇక నా సంగతి.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చేటప్పుడు ఊరి మొదట్లో ఇద్దరు ముగ్గురు "నీళ్ళపాలామె బిడ్డ" అనుకోవడం విన్నాను. ఒళ్ళు కాలిపోయింది. కానీ నిజం చెప్పాలి. ఆ కోపం వాళ్ళ మీద రాలేదు, అమ్మ మీద వచ్చింది. ఇంటికొచ్చి సంచీ పడేశాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని, పొద్దున కేంద్రం వద్దన్న పాలు కాస్తోంది.

"అమ్మా, నిజం చెప్పు. ఒక్క చెంబు గూడ కలపలేదా?"

ఆమె కట్టెపుల్ల పొయ్యిలోకి తోసింది. నేను ఊరుకున్నానా? లేదు. చదువుకున్నదాన్ని కదా.

"పుల్ల అబద్ధం చెప్పదమ్మా. అది మనిషి గాదు."

అమ్మ నన్ను ఒక చూపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. లేచి బర్రెలకు చొప్ప వెయ్యడానికి పోయింది. ఆ రోజు నుంచి నాతో అవసరానికే మాట్లాడింది. తినమంది, పొమ్మంది, తలుపు వెయ్యమంది, అంతే.

ఆదివారం బాపు వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. "ఒక్క మాట అనేస్తే పోయెడిది. నలుగుట్ల బతకాలె గద," అన్నాడు. ఆయన కూడా ఒట్టు పెట్టమనే. పుల్లను నమ్మేవాళ్ళు కొందరు, ఒట్టును నమ్మేవాళ్ళు కొందరు. మా అమ్మ మాటను నమ్మిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కరు లేరు, మా ఇంట్లో కూడా లేరు.

ఇల్లంతా పెరుగు కుండలు నిండిపోయాయి. పాలు ఎక్కడ పోస్తాం మరి, తోడు పెట్టడమే. పుల్లటి వాసన నా చీరలకు కూడా పట్టింది.

సోమవారం బడిలో ల్యాబు అని పేరున్న బీరువా తెరిస్తే ఒక మూల దుమ్ము పట్టిన చెక్క పెట్టె కనిపించింది. లాక్టోమీటరు. కేంద్రంలో ఉన్నటువంటిదే. దాన్నీ, పక్కనే ఉన్న గాజు గొట్టాన్నీ ఎవరికీ చెప్పకుండా సంచీలో అన్నం డబ్బా కింద పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చానో దాచను. అమ్మ మాట నిజమని నిరూపించడానికి కాదు. అమ్మను పరీక్షించడానికి.

మంగళవారం పొద్దున అమ్మ పొయ్యి దగ్గర ఉండగా నేనే మొదటి బర్రె దగ్గర కూర్చున్నాను. చెంబు నేను కడిగాను, నేను తుడిచాను, నా చేతులతో నేను పిండాను. చూరు కింద గొట్టంలో పాలు పోసి పుల్ల వదిలాను. దిగింది. గీత మునిగింది.

నేను పిండిన పాలు. ఒక్క చుక్క నీళ్ళు లేని పాలు. మోచెయ్యి తగిలి పెట్టె కింద పడబోయింది. పట్టుకుంటే అప్పుడు కనిపించింది, ఆ పెట్టెలో వస్తువులు ఒదిగేలా చెక్కిన రెండు గాళ్ళు ఉన్నాయి. ఒకటి లాక్టోమీటరుది. రెండోదాంట్లో సన్నటి థర్మామీటరు ఉంది. మూత లోపల మడిచిన ఇంగ్లీషు కాగితం ఉంది. తెచ్చేటప్పుడు ఆ కాగితం వంక చూడనైనా చూడలేదు. పాలను గది వేడికి చల్లార్చి, నురుగు అణిగాక, కాసేపు ఆగి చూడాలట. పాలు వెచ్చగా ఉంటే పుల్ల చూపించినదానికి ఇంత కలపాలి, చల్లగా ఉంటే ఇంత తీసెయ్యాలి అని పట్టిక. అంతే. నాలుగు వరసలు.

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఉష్ణోగ్రత పెరిగితే పదార్థం వ్యాకోచిస్తుంది, ఘనపరిమాణం పెరుగుతుంది, సాంద్రత తగ్గుతుంది. ఇది నేను చెప్పే పాఠం. ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మంది చేత గొంతెత్తి చదివించిన వాక్యం. పరీక్షలో రాయనివాళ్ళకు మార్కులు కోసిన వాక్యం. వేడి మీద ఉన్న పాలు కాస్త ఉబ్బి, అదే బరువుకు ఎక్కువ చోటు తీసుకుంటాయి, అందుకని పుల్లను లేపలేవు. ఆ పుల్లకు నీళ్ళు కలిస్తే పలచబడటానికీ, వేడికి పలచబడటానికీ తేడా తెలియదు. దానికి తెలియదు సరే, అది గాజు. నాకేమైంది? బోర్డు మీద రాసిన సాంద్రతకూ మా కొట్టంలో బర్రె పొదుగుకూ సంబంధం ఉంటుందని ఒక్క పూట కూడా నా బుర్రకు తట్టలేదు. తన నిజాయితీకి ఏ వేడిని సాక్ష్యంగా పెట్టుకుని అమ్మ ఇన్నేళ్ళు పాలు ఇచ్చిందో, ఆ వేడే ఆమెను దొంగను చేసింది.

తలెత్తితే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలో పుల్లను చూసింది.

"బర్రెను పరీక్ష పెడ్తున్నవా, లేకుంటే నన్నా?"

ఆమె లోపలికి పోయింది.

గొట్టంలో పాలు ఈలోగా చల్లబడ్డాయి. గీత సగం బయటికి వచ్చింది. నాకు పూనకం వచ్చినట్టయింది. రెండో బర్రెను కూడా పిండి, ఆ వెచ్చటి పాలనూ, బడి నుంచి తెచ్చిన పెట్టెనూ పట్టుకుని గోడ చుట్టూ తిరిగి కేంద్రానికి పోయాను. వరసలో పదిమంది ఉన్నారు. ఎదురింటాయన తడి క్యానుతో ముందే నిలబడ్డాడు.

"ఏడు నంబరు బంద్ గద," అన్నాడు గుమాస్తా.

"పొయ్యనీకి రాలే. చూపెట్టనీకి వచ్చిన. పుల్ల వెయ్యి."

వేశాడు. గీత మునిగింది. "మల్ల అదే గద," అన్నాడు. నేను బడి థర్మామీటరు ముంచి ఆ పాల వేడి ఎంతో గుర్తుపెట్టుకున్నాను.

నేను గొట్టాన్ని అట్లాగే చేత్తో పట్టుకుని, బకెట్ తీసుకుని ఎదురింటి వాకిట్లోకి నడిచాను. గోళెంలో ముంచి నీళ్ళు తెచ్చాను. ఎదురింటాయన కర్ర ఎత్తాడు.

"నా నీళ్ళెందుకు నీకు?"

"మీ నీళ్ళు మంచిగ పనిచేస్తయి గద, పెద్దాయనా. అందుకే."

గొట్టాన్ని బకెట్ నీళ్ళలో నిలబెట్టి పట్టుకున్నాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎవరూ కదల్లేదు. గుమాస్తా రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. కాసేపటికి పుల్ల కొంచెం లేచింది, ఇంకొంచెం లేచింది, గీత అంచు కనబడింది, తర్వాత మొత్తం బయటికి వచ్చి నిలబడింది. వెనక నుంచి ఒకామె "ఇదేందే, అవే పాలాయె," అంది.

"అవే పాలు," అన్నాను. "నీళ్ళు బయట ఉన్నయి, లోపల గాదు. పాలు చల్లగైనయి, గంతే. మా అమ్మ పాలు వేడిగుంటయని మునిగింది. మీ అందరియి చల్లగుంటయని తేలింది."

గుమాస్తా ముఖం పాలిపోయింది. నేను అతని పెట్టె తెరిచాను. రెండు గాళ్ళు. ఒకటి గొట్టంలో ఉన్న పుల్లది. రెండోది కూడా ఖాళీ.

"దీంట్ల ఉండేటిదేది?"

అతను పెట్టె మూత వెయ్యబోయాడు. "పెట్టె వచ్చిన దినమే చెయ్యి జారి పగిలింది," అన్నాడు చివరికి. "పైన చెప్తే నౌకరి వోతదని చెప్పలే."

"కాయితం?"

అతని కళ్ళు బల్ల మీదికి పోయాయి. కాగితం అక్కడే ఉంది. నాలుగు మడతలు పెట్టి చాయ్ గ్లాసు కింద వేసుకున్నాడు. దాని నిండా గ్లాసు అడుగు గుండ్రటి మరకలు, ఒకదాని మీద ఒకటి. అవన్నీ మా అమ్మ చాయ్ మరకలు. అతని చేతిలో పగిలిన గాజు ముక్కకు మా అమ్మ పరువు ఖరీదు కట్టాడు. ఆ కాగితం చూసినప్పుడు నాకు వచ్చినంత కోపం నా జన్మలో మళ్ళీ రాలేదు.

కోపం వచ్చింది కాబట్టి ఆగలేదు. "ఇగ వీరి పాలు గూడ చూద్దం," అని ఎదురింటాయన క్యాను వైపు తిరిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన క్యాను మూత మీద చెయ్యి వేశాడు. కానీ అప్పటికే వెనకున్నవాళ్ళు "చూద్దం, చూద్దం" అంటున్నారు. పైగా అందరి ముందూ ఒట్టు పెట్టినవాడు ఎట్లా వద్దంటాడు? గొట్టం నిండా ఆయన పాలు పోసి, మా పొయ్యి మీది నుంచి పరిగెత్తి తెచ్చిన వేడినీళ్ళ గిన్నెలో పెట్టి, బడి థర్మామీటరు ముంచి చూస్తూ, సరిగ్గా మా పాలు పొద్దున ఎంత వెచ్చగా ఉన్నాయో అంతకే వెచ్చబెట్టాను. ఒక్క గీటు ఎక్కువ కానివ్వలేదు. అన్యాయం చేశానని రేపు అనకూడదు కదా. పుల్ల వేస్తే గీత మునగడమే కాదు, ఎంత లోతుకు పోయిందంటే, మా పాలల్లో మునిగినదానికి రెట్టింపు పోయింది.

"గోళెం నీళ్ళు చిందినయేమో," అన్నాడాయన. ఎవరూ తల ఊపలేదు. అలాగని ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఆయన బర్రెల పొదుగులూ ఎండలేదు. బోర్డు మీద ఆయన నంబరు పక్కన ఎవరూ ఏమీ రాయలేదు. మర్నాటి నుంచి కూడా ఆయన క్యాను వస్తూనే ఉంది, తడి కారుతూనే ఉంది. ఆడదానికైతే మూడు రోజులు చాలు. పెద్దమనిషికి మూడేళ్ళు కూడా చాలవు.

గుమాస్తా మా నంబరు పక్కన ఉన్న మాటను అరచేత్తో తుడిచాడు. "రేపట్నుంచి పొయ్యమను," అన్నాడు. గోడకు అవతలే మా ఇల్లు. వచ్చి ఆమెకు ఒక్క మాట చెప్పడానికి పది అడుగులు. ఒక్కరు రాలేదు.

నేను ఇంట్లోకి పరిగెత్తాను. అమ్మ కుండలో పాలు తోడు పెడుతోంది. అంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. పుల్ల లేచిన సంగతి, పగిలిన థర్మామీటరు సంగతి, ఎదురింటాయన ముఖం మాడిన సంగతి. ఆమె తోడు కలుపుతూనే విన్నది.

"అందరు చూసిన్రా?" అంది.

"అందరు చూసిన్రమ్మా. తేలిపోయింది, నువ్వు కలపలేదని."

"నాకు ముందే ఎర్కనే గద."

కుండ మీద మూత పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"వాళ్ళు పరాయోళ్ళు. వాళ్ళకు పుల్ల కావాలె. నీకెందుకు కావాల్సొచ్చె?"

ఇన్నేళ్ళయింది. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. బడిలో పిల్లలకు ఆ పాఠం ఇంకో ఇరవై ఏళ్ళు చెప్పాను. సాంద్రత అన్న మాట బోర్డు మీద రాసిన ప్రతిసారీ ఆ ప్రశ్న గుర్తొచ్చి, సుద్దముక్క చేతిలో విరిగేది.

అమ్మ వారం తర్వాత మళ్ళీ పాలు పొయ్యడం మొదలుపెట్టింది. బర్రెలు ఊరుకోవు కదా. కానీ లూనా చప్పుడుకు లేవడం మానేసింది. తెల్లవారుజామునే పిండి, చెంబును గోడ మీద చలిలో పెట్టి, పూర్తిగా చల్లారాక, వరసలో అందరికంటే వెనక నిలబడేది. పొదుగు వేడి మీద పాలు ఇచ్చిన చెయ్యి అది. అట్లా చల్లారబెట్టిన పాలు ఇస్తుంటే చూడటం నాకు చేతకాక, ఆ వేళకు నేను లోపలే ఉండేదాన్ని. గుమాస్తాను "సారూ" అనడం మొదలుపెట్టింది. చాయ్ మళ్ళీ ఎప్పుడూ గోడ దాటలేదు. అతను కొన్ని రోజులు గోడ వైపు చూశాడు, తర్వాత చూడటం మానేశాడు.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంది. బర్రెలు లేవు, కొట్టం లేదు, ప్యాకెట్టు పాలు. చిక్కటి పాలు ఆమెకు పడవని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆ సంగతి ఆమెకు చెబితే మొత్తానికే మానేస్తుందని చెప్పలేదు. రోజూ పొద్దున సగానికి సగం నీళ్ళు కలిపి, కాచి, వెచ్చగా ఉండగానే గ్లాసులో పోసి ఇస్తాను. జన్మంతా బర్రె పాలు తాగిన నాలుక, మొదటి గుక్కకే తెలిసిపోతుంది. ఆమె తాగుతుంది. ఖాళీ గ్లాసు నా చేతికి ఇస్తుంది. నీళ్ళు కలిపినవా అని ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.